మా షాపులో నోరు విప్పని ఆంప్

"మళ్ళీ మోగట్లేదా?" ఇనబ చిజురు ఆంప్ వంక కాకుండా నా వంక చూస్తూ అడిగింది.

"లేదండీ. బుద్ధిగా కూర్చుంది."

"ఇంటికెళ్తే గుంయ్‌మంటుంది మొచిజుకి గారూ! ఒట్టు!"

షిమిజు రేవు వెనక సందులో నాదో చిన్న రిపేరు షాపు. గిటార్ శబ్దం పెంచే పాత వాల్వుల ఆంప్‌లు బాగుచేసేవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. రోజంతా నాకు మాట్లాడే తోడు టంకం వేసే ఐరనే. అలాంటి చోటికి, వేసవి మొదట్లో వానలో తడుస్తూ, చక్రాల బండి మీద పాత అమెరికా గిటార్ ఆంప్‌ని లాక్కుంటూ వచ్చిందీ అమ్మాయి. తన రెయిన్‌కోటు దానికి తొడిగి, తను మాత్రం తలంతా తడిపేసుకుంది. నా పని ఆ రోజే అయిపోయింది.

మోగేది స్పీకరు కాదు, పవర్ ట్రాన్స్‌ఫార్మరే, చెయ్యి వేస్తే వణుకు తెలుస్తుంది అంది. సరే, వాల్వులు ఒక్కొక్కటే పీకి చూశాను. కెపాసిటర్లు మార్చాను. ట్రాన్స్‌ఫార్మర్ ఇనప రేకుల బోల్టులు బిగించాను. ఏం చేసినా, ఏం చేయకపోయినా మా షాపులో అది కిక్కురుమనేది కాదు. ఆమె తీసుకెళ్ళేది, మళ్ళీ తెచ్చేది. మగబుద్ధి కదా, ఈ రాకపోకలు నాకోసమేనేమో అనుకోవడం మొదలుపెట్టాను.

అందుకే ఆ రోజు నోరు జారాను.

"నిజం చెప్పండి ఇనబ గారూ. ఇది మోగుతుందా, లేక మీకు పొద్దుపోక వస్తున్నారా?"

ఆమె ముఖం చిన్నబోయింది.

"పొద్దుపోకేననుకోండి. మా బ్యాండ్ వాళ్ళంతా హమమత్సులో ఉండిపోయారు. ఉద్యోగం కోసం నేనొక్కదాన్నే ఇటొచ్చాను. సాయంత్రం గదికొస్తే పలకరించేది ఈ ఆంప్ ఒక్కటే. దాన్ని ఆన్ చేస్తే గుంయ్! కింద వాటా ముసలావిడ చీపురు కర్రతో కప్పు పొడుస్తుంది. మీరేమో నన్ను అబద్ధాలకోరుని చేశారు. ఇవాళ దీన్ని అమ్మేద్దామనే తెచ్చాను. కొనుక్కుంటారా?"

ఆంప్ పోతే ఈమె మళ్ళీ ఈ గుమ్మం తొక్కదు.

"అమ్మకండి. అసలు... మీరుండేదెక్కడ?"

"హమ్మయ్య, ఇన్నాళ్ళకి అడిగారు! యొషివరలో, కాగితం మిల్లుల పక్కన."

"ఫుజి నది అవతలా?"

"ఏం, నది దాటిన వాళ్ళకి రిపేర్లు చెయ్యరా?"

నెత్తి కొట్టుకున్నాను. కస్టమరు ఇంటి సంగతులు అడగకపోవడం మా షాపు మర్యాద. ఆ మర్యాదే నా కొంప ముంచింది. నదికి ఇవతల కరెంటు సెకనుకి అరవై సార్లు ఊగుతుంది, అవతల యాభై. ఇప్పటి సామాన్లకి ఆ తేడా పట్టదు కాబట్టి అందరూ మరిచిపోయారు. తను నది దాటి కాపురానికెళ్తూ పట్టుకెళ్ళిన కరెంటు గడియారం గంటకి పది నిమిషాలు వెనకబడేదని మా అమ్మమ్మ చెప్పేది. అవతల దానికి ఒంటరితనం పట్టుకుందనేది.

"పదండి, మీ ఇంటికి," అన్నాను.

రైలు వంతెన దాటుతుంటే కిటికీ నిండా వాన. గదిలో ఒక్క కుర్చీ, ఒక్క టీ కప్పు. ఆంప్ ఆన్ చేశాను.

గుంయ్‌య్‌య్...

"విన్నారా? విన్నారు కదా?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"విన్నాను. తప్పు నాది. నన్ను క్షమించండి."

ఆంప్‌కీ గోడకీ మధ్య అమెరికా సామానుకి మన కరెంటు చాలదని పెట్టిన, వోల్టేజి పెంచే పెట్టె ఉంది. హమమత్సు కూడా నదికి మా వైపే, అక్కడ అది మంచిదే. ఇక్కడ నెమ్మదిగా ఊగే కరెంటుని పెంచి పంపిస్తే పాత ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. పెట్టె తీసేసి తిన్నగా గోడకి పెట్టాను. మోత సన్నగిల్లి, ఆగిపోయింది.

ఆమె గిటార్ అందుకుంది. వాన పడుతున్నంత మెల్లగా వాయించింది. నేను కుర్చీ అంచున కూర్చుని విన్నాను.

"గొంతు కాస్త మెత్తబడింది," అంది ఆంప్ ఆపేస్తూ.

"ఔను, వోల్టేజి తగ్గింది కదా. పూర్తి గొంతుతో పాడాలంటే నది దాటి మా వైపు రావాలి."

ఉన్న ఒక్క కప్పులో నాకు టీ పోసి, తను అన్నం గిన్నెలో పోసుకుంది. "బాగైపోయిందిగా. ఇక మీ షాపుకి రావడానికి నాకు వంక లేదు."

ఇప్పుడు కూడా మర్యాద పాటిస్తే నా అంత మూర్ఖుడు ఉండడు.

"చిజురు గారూ," ఇంటిపేరు వదిలేసి పిలిచాను. "వంక లేకుండానే రండి. మీరు వెళ్ళిన ప్రతిసారీ ఆ షాపులో ఉండలేకపోతున్నాను. నది దాటి వచ్చెయ్యండి."

ఆమె గిన్నె మీంచి కళ్ళెత్తింది. "పిలిచేది ఆంప్‌నా, నన్నా?"

"అంత బరువు... ఒక్కటే రాలేదు కదండీ."

ముందు ఆమె నవ్వింది, తర్వాత నేను. ఆపుకోలేనంతగా నవ్వాం. కింద వాటా ముసలావిడ చీపురు కర్రతో టకటకమని ఇంటికప్పు పొడిచింది.

ఆంప్ ఆపేసే ఉంది. ఆ గదిలో ఇద్దరు నవ్వడం ఆవిడ వినడం అదే మొదలు.