ఫ్లాట్‌కి అప్లై చేద్దామా

షటిల్ గీత బయట పడిందని మా అమ్మాయి రెండు చేతులూ చాచింది. అంతే, కోర్టులో కుర్రాడు ఆట ఆపేసి దాని ముఖంలోకి చూశాడు.

మస్తురా వారమంతా పళ్ళ డాక్టరు క్లినిక్‌లో పనిచేస్తుంది. సెలవు రోజుల్లో మా పేట స్పోర్ట్స్ హాల్లో బ్యాడ్మింటన్ పోటీలుంటే గీత దగ్గర కుర్చీలో లైన్ జడ్జిగా కూర్చుంటుంది. జీతం లేదు. ఒక టీ షర్టు, ఒక పూట భోజనం ఇస్తారు. కోపమొచ్చి ఎవడైనా రాకెట్ విసిరితే కన్ను పోతుందే అని నేను మొత్తుకున్నా వినదు. ఆ రోజు దానికి అన్నం ఇద్దామని వెళ్ళి, తలుపు దగ్గరే ఆగిపోయాను. 

కుర్రాడు రాకెట్ విసరలేదు. గీత దాకా నడిచొచ్చి, వంగి నేలను చూశాడు. తర్వాత మళ్ళీ మస్తురాని చూశాడు. అది రెప్ప వేయలేదు. చేతులు అలాగే ఉన్నాయి, ఎగరబోయి ఆగిన కొంగలాగా.

హాలు పక్కనే ఫుడ్ సెంటర్లో నాకు సోతో అనే కోడి చారు అమ్మే స్టాల్ ఉంది. సాయంత్రం కుండపోత వాన. భుజాన రాకెట్ల సంచితో, జుట్టు నీళ్ళు కారుతూ, ఆ కుర్రాడే వచ్చి నిలబడ్డాడు.

"మక్‌చిక్, ఒక సోతో," అని నాతో అన్నాడు. మక్‌చిక్ అంటే మాకు పిన్ని. నా వెనక గిన్నెలు తుడుస్తున్న మస్తురాతో, "అది లోపలే పడింది," అన్నాడు.

"బయట."

"వెంట్రుకవాసి."

"వెంట్రుకవాసి బయట పడినా బయటే."

"కళ్ళు పరీక్ష చేయించుకున్నావా?"

"నువ్వు ఓడిపోవడం నేర్చుకున్నావా?"

"నేను ఓడిపోలేదు. గెలిచాను."

"మరి ఏడుపెందుకు?"

నేను దాని జబ్బ గిల్లాను. వచ్చిన బేరం పోతుందని ఒక భయం, వీడు పై వాళ్ళకి ఫిర్యాదు చేస్తాడని ఇంకో భయం. అతను మాత్రం పకపకా నవ్వాడు. చారు ఒక చెంచా తాగి, "వెల్లుల్లి తక్కువైంది మక్‌చిక్. మా కుదుస్‌లో అయితే..." అని మొదలుపెట్టాడు.

"మీ కుదుస్‌కే వెళ్ళి తాగు," అంది మస్తురా.

మర్నాడు కూడా వచ్చాడు. ఆ తర్వాత రాని రోజు లేదు.

పేరు గలిహ్. ఇండోనేషియాలో, జావాలోని కుదుస్ ఊరివాడు. తండ్రి లేడు, తల్లి లవంగం సిగరెట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పదిహేనేళ్ళప్పుడు మా సింగపూర్ వాళ్ళు ఆట చూసి తెచ్చుకున్నారు. కొన్నాళ్ళకి ఆ పాస్‌పోర్టు వదిలేసి మా పాస్‌పోర్టు తీసుకున్నాడు. ఇప్పుడు చొక్కా వెనక మా దేశం పేరు. హాస్టల్ నుంచి హాలుకి, హాలు నుంచి హాస్టల్‌కి తప్ప ఈ ఊళ్ళో వేరే దారి తెలియదు.

"అక్కడివాళ్ళకి నేను పారిపోయినవాణ్ణి, ఇక్కడివాళ్ళకి అద్దెకొచ్చినవాణ్ణి," అని ఒకరోజు నవ్వుతూనే అన్నాడు. చిన్నప్పటి నుంచి ఆట నేర్పిన కోచ్ పాక్ విర్యో, పాస్‌పోర్టు మార్చిన రోజు నుంచి ఇతనితో మాట్లాడటం లేదట. పాక్ అంటే వాళ్ళ దగ్గర అయ్యగారు.

నాకు అదే పట్టుకుంది. ఒక దేశం వదిలొచ్చినవాడు ఇంకో దేశం వదలడని నమ్మకమేమిటి? మోకాలు విరిగితే పంపించేస్తారు. ఆట తగ్గితే తనే వెళ్ళిపోతాడు. మధ్యలో నా పిల్ల?

"ఏ ఊళ్ళో పుడితే ఏం, బుద్ధిమంతుడు," అంటాడు మా ఆయన హాసిమ్. బస్సు తోలే మనిషి, ఎక్కినవాళ్ళందరూ మంచివాళ్ళే అనుకుంటాడు.

ఒకరోజు మస్తురా వాళ్ళ పెద్ద జడ్జి దగ్గరికి వెళ్ళి, గలిహ్ ఆడే ఆటలకి తనని వేయవద్దని చెప్పింది. ఎందుకని అడిగితే కారణం చెప్పి తీరాలి. అతనంటే ఇష్టమని చెప్పింది. దాంతో హాలంతా పొక్కింది. మా స్టాల్ పక్కన టీ కాచే అతను కూడా నన్ను చూసి కనుబొమలెగరేశాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

మా దగ్గర పిల్లలు పెళ్ళి మాట పెళ్ళి మాటలా ఎత్తరు. ప్రభుత్వం కట్టే ఫ్లాట్‌కి ఇద్దరి పేర్లూ కలిపి పెడదామా అని అడుగుతారు. ఇల్లు చేతికొచ్చేసరికి ఏళ్ళు పడుతుంది, ఈలోగా పెళ్ళవుతుంది. ఆ మాట అబ్బాయే అడగాలని లేదు.

నేను గిన్నెలు కడుగుతుంటే వినబడింది.

"గలిహ్, వచ్చే నెల కొత్త ఫ్లాట్లు వస్తున్నాయట. అప్లై చేద్దామా?" మస్తురా గొంతు ఎప్పుడూ లేనంత మెల్లగా ఉంది.

వాడు గిన్నెలోంచి తల ఎత్తలేదు. "ఫ్లాటా? నాకెందుకు? హాస్టల్లో మంచం ఉంది, ఫ్యాను ఉంది. కాంట్రాక్టు అయ్యాక ఎక్కడుంటానో ఏమో. నువ్వు కావాలంటే అప్లై చేసుకో."

మస్తురా చేతిలో గుడ్డ అక్కడే పెట్టేసి వానలోకి నడిచింది. గొడుగు తీసుకెళ్ళవే, జ్వరమొస్తుంది అని అరిచాను. వెనక్కి చూడలేదు.

ఇంటికెళ్ళాక గది తలుపు వేసుకుంది. నేను అనుకున్నంతా అయింది. అలా అయినందుకు నాకేమీ తృప్తిగా లేదు.

మర్నాడు గలిహ్ మామూలుగానే వచ్చి కూర్చున్నాడు.

"మక్‌చిక్, గుడ్డు వేయలేదు."

"అయిపోయాయి." గుడ్ల బుట్ట వాడి ఎదురుగానే ఉంది.

"మస్తురా ఫోన్ ఎత్తడం లేదు. ఒంట్లో బాగాలేదా?"

"కాదన్నవాడి ఫోన్ ఎందుకెత్తుతుంది?"

"నేనేం కాదన్నాను?"

"ఫ్లాట్."

"ఇల్లు వద్దంటే అంత కోపమా?"

వాడి ముఖం చూశాను. వేషం వేయడం లేదు. నిజంగానే తెలియదు. "బాబూ, ఆ ఫ్లాట్ ఒంటరి కుర్రాళ్ళకి ఇవ్వరు. మా పెద్దల్లుడు మా పెద్దదాన్ని ఆ మాటే అడిగాడు. ఎదురు స్టాల్ చేపలాయన కొడుకూ ఆ మాటే అడిగాడు. ఇక్కడ అందరూ అలాగే అడుగుతారు."

చెంచా చారులో పడింది. "అంటే మస్తురా నన్ను..."

"అడిగింది."

"దానికి నేను..."

"హాస్టల్లో ఫ్యాను ఉందన్నావు."

రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. అంతలోనే పొలమారి వీడికేమైనా అవుతుందేమోనని నీళ్ళు ముందు పెట్టాను.

"మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఇంటికొచ్చి అడుగుతారు మక్‌చిక్," అన్నాడు.

"మాకూ రావాలి. ఫ్లాట్ మాట మీరనుకున్నా, పెద్దలు రాకపోతే హాసిమ్ ఒప్పుకోడు. నీ తరఫున ఎవరొస్తారు?"

 చారులో పడ్డ చెంచా తీసి బల్ల మీద పెట్టి, "ఒకరున్నారు. నాతో మాట్లాడరు," అన్నాడు.

ఆ సాయంత్రం మస్తురాకి మెసేజ్ పెట్టాడు. తను మూర్ఖుణ్ణని, పెద్దలతో వస్తానని, అప్పటిదాకా ఇంకెవరితోనూ ఏ ఫ్లాట్‌కీ అప్లై చేయవద్దని. అది చదివి మస్తురా గది తలుపు తీసి అన్నం తింది. నేను మాత్రం తినలేకపోయాను. ఆ ఒక్కరూ రాకపోతే?

ఇండోనేషియా జట్టు మా ఊరు ఆడటానికొచ్చింది. జట్టుతో పాక్ విర్యో కూడా వచ్చాడు. సన్నగా, తెల్ల జుట్టుతో, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గలిహ్ కోర్టులోకి రాగానే ఆ పక్క జనం ఈలలు వేశారు, మంచి ఈలలు కావు. మస్తురా నా పక్కన కూర్చుని నా చెయ్యి నలిపేస్తోంది.

గలిహ్ ఎదుటివాడు ఒకప్పుడు కుదుస్ హాస్టల్లో ఇతని పక్క మంచం వాడేనట. మొదటి ఆట వాడిది, రెండోది మనది. మూడోదాంట్లో గలిహ్ రెండుసార్లు జారిపడ్డాడు. మోకాలు పోయింది, అయిపోయింది అనుకుని నేను కళ్ళు మూసుకున్నాను. హాలు దద్దరిల్లితే తెరిచాను. గెలిచాడు.

మా వైపు రాలేదు. వలకి అవతల, ఈలల మధ్యలోంచి తిన్నగా పాక్ విర్యో దగ్గరికి వెళ్ళి వంగి చెయ్యి చాచాడు. ముసలాయన చేతులు విప్పలేదు. గలిహ్ వంగినవాడు వంగినట్టే ఉండి ఏదో చెప్పాడు. చాలాసేపటికి ఆయన చెయ్యి ఇచ్చాడు. ఆ చెయ్యి ముక్కుకి, నుదుటికి ఆనించుకున్నాడు కుర్రాడు. తర్వాత ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు.

"వెనక్కి పిలుస్తున్నాడే," అన్నాను.

"అమ్మా, ఊరుకో."

"గెలిచాడు కదా, ఇప్పుడు వాళ్ళకి కావాలి."

మస్తురా ఊరుకోమని మళ్ళీ అనలేదు. నా చెయ్యి వదిలేసింది.

ఆదివారం తలుపు తడితే హాసిమ్ తీశాడు. బాతిక్ చొక్కా, నల్ల టోపీతో పాక్ విర్యో. వెనక గలిహ్, చేతిలో కుదుస్ జెనాంగ్ మిఠాయి పెట్టె, చొక్కా గుండీలు మెడ దాకా బిగించి.

కూర్చోబెట్టి టీ ఇచ్చాం. ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "ఈ ఇంట్లో మంచి పిల్ల ఉందని విన్నాం. ఎవరికైనా మాటిచ్చారేమో కనుక్కుందామని వచ్చాం."

"ఇవ్వలేదండీ," అన్నాడు హాసిమ్ మర్యాదగా.

నా నోరు ఆగలేదు. "అడిగేసి, అబ్బాయిని మీ ఊరు తీసుకుపోతారా?"

హాసిమ్ నా వైపు చూశాడు. గలిహ్ టీ కప్పు వైపు చూశాడు. పాక్ విర్యోకి కోపం రాలేదు.

"తీసుకుపోవాలంటే ఎప్పుడో వచ్చేవాణ్ణమ్మా. కోపంతోనే రాలేదు. మొన్న మావాణ్ణి ఓడించి నా దగ్గరికొస్తుంటే, గెలుపు చూపించుకోవడానికి వస్తున్నాడనుకున్నాను. 'నాకు పెద్దవాళ్ళు లేరు, పిల్లనడగడానికి వస్తారా పాక్' అన్నాడు." ఆయన టీ గుటక వేశాడు. "వీణ్ణి చిన్నప్పుడు వాళ్ళమ్మ నాకు అప్పజెప్పింది. నేను మీకు అప్పజెబుతున్నాను. ఆడినా, ఆట మానేసినా ఇక్కడే ఉంటాడు. అది వాడి మాట, దానికి నేను పూచీ."

హాసిమ్ తల ఊపాడు. గలిహ్ వంటింటి గుమ్మం వైపు తిరిగాడు.

"మస్తురా, ఫ్లాట్‌కి అప్లై చేద్దామా?"

"నీకు ఫ్యాను ఉందిగా," అంది అది గుమ్మం వెనక నుంచి.

"ఒక్కటే ఉంది. ఇద్దరికీ చాలదు."

మస్తురా బయటికొచ్చింది. చేద్దామని గానీ వద్దని గానీ అనలేదు. ముఖమే చెప్పింది.

ఉంగరం తీశారు. అబ్బాయి తరఫు ఆడమనిషి వేలికి తొడగాలి. వాళ్ళమ్మకి పాస్‌పోర్టు ఇంకా రాలేదు. గలిహ్ ఫోన్లో పిలిచి చూపించాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చి ముఖం కడుక్కుని, మంచి ముసుగు వేసుకుని కూర్చుంది ఆవిడ.

"అక్కయ్యా," అంది నన్ను. "నా చెయ్యి అంత దూరం రాదు. నా బదులు మీరే తొడగండి. ఈ ఒక్క నిమిషం మా వైపు మనిషవ్వండి."

కూతురి తల్లిని, అబ్బాయి తరఫున కూర్చున్నాను. మస్తురా చెయ్యి చాచింది.  ఉంగరం జారి సోఫా కిందకి పోతుందేమోనని ఒక భయం, వేలికి పట్టదేమోనని ఇంకో భయం.

పట్టింది.