అయిదో సోల

మా బుధవారం సంతలో బోరింగు పక్క జాగాకు చెడ్డ పేరు వచ్చి ఏడాది దాటింది.

చీకటి పడ్డాక ఆ దరిదాపుల్లో ఎవరూ నిలబడరు. మంగళవారం సాయంత్రమే మేకలు తోలుకొచ్చేవాళ్లు కూడా వాటిని దూరంగా కట్టేసి, బస్సు షెల్టరులో పడుకుంటారు. రాత్రిపూట అక్కడ గింజలు కొలుస్తున్న చప్పుడు వస్తుందట. కొలిచేది చనిపోయిన పుల్లమ్మ అట.

నేను దెయ్యాలను నమ్మేవాణ్ణి కాదు. కొలతలో మోసం మాత్రం బోలెడు చూశాను. అందుకే అదే సంతలో కూర్చునే నరేంద్ర నాకు చెప్పిన ఈ సంగతిని ఒక్క మాట కలపకుండా రాస్తున్నాను.

కొనకనమిట్ల మండలంలో మాది చిన్న సంత. గేటు లేదు, నంబర్లు లేవు. ఎవరి జాగాలో వాళ్లు ఒక మార్కాపురం పలకరాయి పాతుకుంటారు, దాని మీద మేకుతో పేరు గీసుకుంటారు. రాయి ఎవరిదో జాగా వాళ్లది. మనిషి పోతే ఏడాది లోపల ఇంటివాళ్లు వచ్చి ఆ రాయి దగ్గర కూర్చోవాలి. రాకపోయినా, వచ్చిన రోజు రాయి అక్కడ లేకపోయినా, జాగా వేరేవాళ్లకు పోతుంది.

బోరింగు పక్కది పుల్లమ్మ రాయి. బస్సు దిగిన ప్రతి మనిషీ దాన్ని దాటుకునే లోపలికి రావాలి. నలభై ఏళ్లు అక్కడే కూర్చుని కొర్రలు, అలసందలు అమ్మింది. పోయినేడాది మే నెల ఎండలో, చేతిలో గింజలు కొలిచే సోల పట్టుకునే ఒరిగిపోయింది.

నరేంద్రదీ గింజల వ్యాపారమే. అతని జాగా వెనకాల, మేకలు కట్టే మూల. ఆ కంపులోకి గింజల కోసం వచ్చేవాళ్లు తక్కువ.

అతనికి ఒక పాడు అలవాటు ఉండేది. మా దగ్గర గింజలు ఇప్పటికీ సోలతోనే కొలుస్తారు. మొదటి సోలను ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు... అట్లా పైకి లెక్కపెడుతూ పోస్తారు. నరేంద్ర నాలుగు దాకా సరిగ్గా చెప్పి, "పిల్లలు బాగుండారా అక్కా?" అని పలకరించేవాడు. కొనే మనిషి జవాబు చెప్పే లోపల "ఆరు" అని పోసేవాడు. అయిదో సోల అతని మూటలోనే ఉండిపోయేది.

పుల్లమ్మ ఒకసారి నలుగురిలో పట్టుకుంది.

"ఏంది నాయనా, మీ ఇంట్లో నాలుగు తర్వాత ఆరేనా? అయిదును మేక మేసిందా?"

సంతంతా నవ్వింది. నరేంద్ర మాత్రం అలవాటు మానలేదు.

ఏడాది గడువుకు చివరి సంత వచ్చింది. పుల్లమ్మ కోడలు భవాని రేపు వచ్చి కూర్చుంటుందని కబురు తెలిసింది. ఆమె మొగుడు పలకల క్వారీలో నడుము విరిగి మంచం మీద ఉన్నాడు. ఇద్దరు పిల్లలు. ఆ జాగా తప్ప ఆ ఇంటికి వేరే దారి లేదు. ఈ సంగతి నరేంద్రకు బాగా తెలుసు. తెలిసే, మంగళవారం అర్ధరాత్రి గడ్డపార తీసుకుని బయలుదేరాడు.

తెల్లారేసరికి రాయి అక్కడ ఉండకూడదు... అంతే.

చంద్రుడు లేడు. సెల్లు లైటు నేలకు వంచి పట్టుకుని, బోరింగు దగ్గరికి వచ్చాడు. రాయి కనిపించింది. దాని మీద వంకర టింకరగా పుల్లమ్మ పేరు. లైటు ఆర్పేసి గడ్డపారతో నాలుగు పోట్లు పొడిచాడు. రాయి కదిలింది. వంగి రెండు చేతులా పైకి తీసి గుండెకు ఆనించుకున్నాడు.

అప్పుడు వినిపించింది.

సర్ర్...

గోనె మీద గింజలు జారిన చప్పుడు.

"లా...భం."

నరేంద్ర కదల్లేదు. గాలి లేదు. మేకలు కూడా నెమరు ఆపేశాయి.

సర్ర్... "రెండు."

ఆడ గొంతు. ముసలి గొంతు. తొందర లేని గొంతు.

సర్ర్... "మూడు."

పరుగెత్తాలని ఉంది. రాయి చేతుల్లో బరువెక్కుతోంది.

సర్ర్... "నాలుగు."

ఆ తర్వాత... ఏమీ లేదు.

గొంతు ఆగిపోయింది. గింజల చప్పుడూ ఆగిపోయింది. ఎవరో చీకట్లో సోల ఎత్తిపట్టుకుని తర్వాతి మాట కోసం కాచుకున్నట్టు — అంత నిశ్శబ్దం.

ఇరవై ఏళ్ల అలవాటు. అతను అనాలనుకోలేదు. నాలుకే అనేసింది.

"ఆరు."

చెవి పక్కనే, ఊపిరి తగిలేంత దగ్గరగా —

"అయిదేది నాయనా?"

రాయి జారి పాదం మీద పడింది. నరేంద్ర పెట్టిన కేకకు మేకలన్నీ ఒక్కసారిగా అరిచాయి. బోరింగు గట్టు అవతల నుంచి ఒక లైటు వెలిగింది.

"ఎవురూ?... ఎవురది?"

దుప్పటి కప్పుకుని భవాని లేచి నిలబడింది. పొద్దున ఆటో దొరుకుతుందో లేదోనని సాయంత్రమే మూటలతో వచ్చి, అక్కడే పడుకుందట.

నరేంద్రకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. మనిషే! దెయ్యం కాదు, మనిషే!

"నువ్వేనా తల్లీ... ఇంతసేపు గింజలు కొలుస్తాండేది?"

"నేనా? నిద్రపోతాండాను గదన్నా. నీ అరుపుకే లేసినాను."

"మరి లెక్క... లాభం, రెండు అని..."

"నాకు సోల లెక్క యాడొస్తాదన్నా? కాటా తెచ్చుకున్నా." కరెంటు కాటా చూపించింది. "అత్త సోలను అత్తతోనే గుంటలో పెట్టేసినాము."

లైటు మూటల మీద పడింది. రెండు మూటలు. మూతులు కుట్టినవి కుట్టినట్టే ఉన్నాయి.

తర్వాత లైటు కిందికి దిగింది. పెకలించిన రాయి, పక్కన గడ్డపార, నెత్తురు కారుతున్న పాదం.

"అయ్యో... రాయి ఒరిగింటే సరిగ్గా పాతనీకి వచ్చినావా అన్నా? ఈ రాత్రిపూటా?" భవాని కళ్లు తుడుచుకుంది. "అత్త చెప్తానే ఉండె, సంతలో అందరూ మనోళ్లేనని."

నరేంద్ర అవునన్నాడు. ఈ మాట నాకు చెప్పేటప్పుడు అతను తల ఎత్తలేదు. ఎత్తకూడదు కూడా. కానీ ఆ కుంటికాలితోనే గుంట లోతుగా తవ్వి, రాయిని మళ్లీ నిలబెట్టి, మట్టి తొక్కి వచ్చాడు.

తెల్లవారి భవాని ఆ రాయి పక్కన కూర్చుంది. ఆ వారమే కాదు, ప్రతి వారం కూర్చుంటోంది.

ఇదంతా విని, భయంలో చెవులు చేసిన మాయ అన్నాను.

"ఒక బుధవారం వచ్చి అలసందలు కొను అయ్యా" అన్నాడు నరేంద్ర.

పోయాను. పట్టపగలు, పదకొండు గంటలు. మేకల మూలలో అతని ముందు కూర్చుని ఆరు సోలలు అడిగాను. గోనె మీద పోయడం మొదలుపెట్టాడు.

"లాభం... రెండు... మూడు... నాలుగు."

అక్కడ ఆగాడు. పెదవులు గట్టిగా బిగించి నా ముఖంలోకి చూశాడు. మా దగ్గర మూడో మనిషి లేడు. దూరంగా భవాని ఎవరికో కొర్రలు తూకం వేస్తోంది, మా వైపు చూడనైనా లేదు.

"అయిదు."

ముసలి గొంతు. తొందర లేని గొంతు.

నరేంద్ర అయిదో సోల నిండా పోశాడు. ఒక్క గింజ కింద పడలేదు. "ఆరు" అన్నది మాత్రం అతనే.

ఇంటికి వచ్చి మా సోలతో మళ్లీ కొలిచాను. ఆరూ సరిగ్గా ఉన్నాయి.