బరువెరుక పెట్టె

2089 నాటికి కాకినాడలో ఖాళీ పెట్టెను పారేయాల్సిన పని లేదు. దానంతటదే పోతుంది. సరుకు తీసుకుని వీధి చివరి తొట్టిలో పెడితే చాలు, పొద్దున పెట్టిన పెట్టె సాయంత్రానికి మెత్తబడి, గుజ్జయి, గొట్టాల వెంట మిల్లుకు చేరుతుంది. మర్నాడు మళ్ళీ పెట్టెగా తయారై ఓడెక్కుతుంది. రేవులో ఎవరూ ప్లాస్టిక్ వాడరు, చెక్క వాడరు. ఉన్నదంతా జనపనార కాగితమే.

ఆ కాగితాన్ని కనిపెట్టింది డాక్టర్ నిర్ఝరి. ఇది గోనెసంచుల జనుము కాదు; గంజాయికి దగ్గరి చుట్టమైన హెంప్ మొక్క, కానీ మత్తు అంటనిది. గంజాయి వనంలో తులసి మొక్క అంటే ఇదే. దాని నారలో ఆమె ఒక రకం ఫంగస్‌ను సన్నటి దారాల్లా పెంచింది. లోపల బరువున్నంతసేపూ దారాలు నిద్రపోతాయి. బరువు తీయగానే లేచి, నారను అంటిపెట్టిన గంజిని తినేస్తాయి. ఈ గుణానికి ఆమె ‘బరువెరుక’ అని పేరు పెట్టింది. పేరు బాగుందని అందరూ అన్నారు. ఆవిడ ఇంకాస్త ఎక్కువసార్లు అనుకుంది.

ఇప్పుడు మాత్రం ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. కొన్నాళ్ళుగా మిల్లుకు గుజ్జు రావడం లేదు. దూరపు దీవుల్లో జ్వరాలు ముదిరాయి, టీకాల ఓడ ఈ సాయంత్రమే బయల్దేరాలి. పెట్టెలు చాలకపోతే ఏళ్ళుగా మూసి ఉన్న పాత ప్లాస్టిక్ పెట్టెల గోదాము తెరుస్తామని రేవు అధికారులు చెప్పేశారు. ఆ తలుపులు ఒకసారి తెరిస్తే మళ్ళీ మూయరని, తాను జీవితమంతా చేసిన పని ఆ పూటతో ముగుస్తుందని నిర్ఝరికి తెలుసు.

రేవు వ్యవహారాలన్నీ చూసే యంత్రాన్ని ఊరంతా గుమాస్తా అంటారు. ఎవరు నేర్పారో గానీ అది అచ్చంగా గోదావరి మనిషిలా మాట్లాడుతుంది.

“గుమాస్తా! ఊళ్ళో ఖాళీ పెట్టెలన్నీ ఏమయ్యాయి?”

“ఖాళీయి లేవండి. అన్నీ నిండుగానే ఉన్నాయండి.”

“ఎప్పుడో ఇచ్చిన పెట్టెలు ఇంకా విప్పనే లేదా?”

“విప్పారో లేదో నాకు తెలీదండి. లోపల బరువుందని పెట్టెలే చెబుతున్నాయండి.”

“ఫంగస్ మొద్దుబారిపోయిందేమో మేడమ్,” అన్నాడు మిల్లు ఇంజనీరు ఇమ్మానుయేలు. ఒక పెట్టె ఖాళీ చేసి చూశారు. అంచులు చకచకా మెత్తబడ్డాయి. ఫంగస్‌కు ఏ జబ్బూ లేదు. ఇద్దరూ పక్క వీధిలో మొదటి ఇంటికే పరుగెత్తారు.

ఆ ఇల్లు చేపల వ్యాపారం చేసే కాసులమ్మది. అటక నిండా పెట్టెలు. నిర్ఝరి ఒకటి దింపి మూత తీస్తే లోపల ఇటుక. ఇంకోదాంట్లో రుబ్బురోలు పొత్రం. పెద్దదాంట్లో చిన్న పెట్టె, ఆ చిన్నదాంట్లో ఇంకా చిన్నది, దాంట్లో కొబ్బరికాయ.

“ఇదేంటమ్మా?”

“ఏదోటి పెట్టకపోతే కరిగిపోద్ది కదండీ! బంగారంలాంటి పెట్టె. సూత్తా సూత్తా ఎలా పోనిత్తామండీ?”

“ఏం చేసుకుంటారు ఇన్ని?”

“ఎందుకైనా పనికొత్తాదండీ.” కాసులమ్మ నవ్వింది. “మా ఈదిలో అందరూ ఇంతేనండి.”

నిర్ఝరికి ఒళ్ళు మండిపోయింది. మిల్లులోని తన గదికి తిరిగొచ్చి కుర్చీలో కూర్చోకుండానే మాట్లాడింది. ఆమె దగ్గర ఒక చివరి ఉపాయం ఉంది. దాని పేరు ‘మేలుకొలుపు’. ఊళ్ళోని టవర్ల నుంచి ఒక సంకేతం పంపితే, బరువున్నా సరే దారాలన్నీ ఒక్కసారిగా లేస్తాయి, రోజంతా పట్టే పని గంటలో అయిపోతుంది. మధ్యాహ్నానికి ఆ గుజ్జు తొట్టెల్లోంచి మిల్లుకు చేరితే, మిల్లు ఆపకుండా తిప్పి సాయంత్రానికి ఓడకు పెట్టెలు సిద్ధం చేయొచ్చు.

“ఇళ్ళల్లో సామాన్లు కింద పడతాయండి,” అన్నాడు ఇమ్మానుయేలు.

“పడనీ. బుద్ధి వస్తుంది. గుమాస్తా, మేలుకొలుపు పంపు. ఊళ్ళో ఒక్క పెట్టె మిగలకూడదు.”

“చిత్తమండి. ఒక్క మాటండి. తనకి వద్దనుకున్న ఆజ్ఞ ఊరి మీద వెయ్యకూడదని నగర చట్టం కదండి. మీ బీరువాలో కూడా ఒకటుందండి. అది మొదటి రోజు నుంచీ నిండుగానే ఉందండి. దాన్ని కూడా లేపేయమంటారా?”

ఇమ్మానుయేలు బీరువా వైపు చూశాడు. నిర్ఝరి కదల్లేదు. అతనే వెళ్ళి తలుపు తీశాడు. వంకరటింకర అంచుల చిన్న పెట్టె. లోపల ఇనుప తూకపురాయి.

“శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుందండీ మన పని!” అన్నాడు గానీ, ఆమె ముఖం చూసి నవ్వు ఆపుకున్నాడు.

“అది మొదటిది ఇమ్మానుయేలూ. దానికి ముందువన్నీ నా చేతుల్లోనే కరిగిపోయాయి.”

“కాసులమ్మగారికి కూడా ఏదోటి మొదటిదే అయ్యుంటదండి. రాయి తీసేయండి మేడమ్. ఒక్క పెట్టేగా.”

ఆమెకు సిగ్గేసింది. దీవుల్లో జ్వరంతో మూలిగేవాళ్ళు గుర్తొచ్చారు. పళ్ళు బిగించి రాయి ఎత్తింది. పెట్టె మూలలు మెల్లగా వంగాయి. లోపలి నుంచి తడి మట్టి వాసన వచ్చింది. ఇన్నేళ్ళూ ఆమె గర్వంగా ఎదురుచూసిన వాసనే అది. ఇప్పుడు మాత్రం చేయి దానంతటదే రాయిని మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

“దీన్నొక్కదాన్ని వదిలెయ్ గుమాస్తా. మిగతావన్నీ...”

“కుదరదండి. వదిలితే అన్నీ వదలాలండి.”

ఆమె మళ్ళీ రాయి మీద చేయి వేసింది. తీసింది, పెట్టింది. గుమాస్తా ఓపిగ్గా ఎదురుచూసింది. కిటికీలో ఎండ వాలిపోతూ ఉంది. ఇమ్మానుయేలు బతిమాలాడు, కేకలేశాడు, చివరికి గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

రేవు వైపు నుంచి సైరన్ మోగింది. ప్లాస్టిక్ గోదాము తలుపులు తుప్పు రాల్చుకుంటూ తెరుచుకుంటున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది.

“ఏం చేసుకుంటారు మేడమ్ దాన్ని?” అన్నాడు ఇమ్మానుయేలు నీరసంగా.

నిర్ఝరి పెట్టెను రెండు చేతులా దగ్గరికి తీసుకుంది.

“ఎందుకైనా పనికొస్తుందని,” అంది.