పల్స్ సున్నా

లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి డాక్టర్ గొంతు తెగి ఉంది. తెల్లకోటు తడిసి ముద్దయింది. చేతిలో ఉండాల్సిన లాప్‌టాప్ లేదు.

"కొత్త గుండె మాత్ర వాడేవాళ్ళకి ఆస్పత్రులు చేతి బ్యాండ్లు పెట్టాయి కదా, ఆ డేటా అంతా చూడటమే ఆయన చేసిన నేరం," అన్నాడు చీఫ్. "ట్రయల్స్‌లో బ్రహ్మాండంగా పనిచేసిన మాత్ర, మామూలు జనం వేసుకుంటే ప్రాణం తీస్తోంది. విదేశీ ముఠా ఆ చావుల్ని సర్వర్‌లో మార్చేస్తోంది. పల్స్ ఆగగానే 'మందు మానేశారు' అని పడుతుంది. మధ్యాహ్నం డ్రగ్ కమిటీ చూసేది ఆ డేటానే. లోపల మన మనిషి ఉంది, మేడమ్ అంటారు. వెళ్ళు."

ఏజెంట్ కత్తెర ఫోన్ లాగాడు. తనని పెంచి పెద్ద చేసిన అక్క వేసుకునేది ఆ మాత్రే! వెంటనే ఆమెకి చేసి మాత్ర మానెయ్యమన్నాడు.

"నీ మొహం! డాక్టర్లకి తెలియనిది నీకు తెలుసా? రుజువు చూపించు, మానేస్తా," అని పెట్టేసింది అక్క.

కత్తెర పేషెంట్ వేషంలో, ఫారంలో అక్క నంబర్ రాసి, మేడమ్ పంపిన బ్యాండు చేతికి పెట్టుకుని ఆస్పత్రిలో దూరాడు. సర్వర్ రూమ్‌కి వెళ్ళే మెట్లమీదే ఓ బండమనిషి మెడకి వైరు బిగించాడు. కత్తెర వెనక్కి తల విసిరాడు. వాడి ముక్కు పచ్చడయింది. కిందికి తోసి, మెడ విరిచేశాడు.

నేను ఇక్కడున్నట్టు వీడికెలా తెలిసింది? చేతికున్న బ్యాండే పట్టిచ్చింది! దాని నంబర్ తెలిసింది మేడమ్ ఒక్కదానికే. ఓసి నీ దుంపతెగ, రెండువైపులా తింటున్నావా!

బ్యాండు విప్పి శవం చేతికి పెట్టాడు.

సర్వర్ రూమ్‌లో ఎర్రకోటు మేడమ్ స్క్రీన్ చూసి నవ్వింది. "పల్స్ సున్నా. పోయాడు బాస్."

"పోయాడనకు. మందు మానేశాడను," అన్నాడు ముఠా నాయకుడు బట్టతల. "అసలు డేటా కూడా చెరిపెయ్."

డిలీట్ మొదలైంది. తలుపు బద్దలైంది. కత్తెర పేల్చిన తూటా బట్టతల నుదుట్లో దిగింది. మేడమ్ లిప్‌స్టిక్ గొట్టం తిప్పింది. అందులోంచి వచ్చిన తూటా కత్తెర చెవి చింపుకుపోయింది. కత్తెర ఆమె మణికట్టు విరిచి, గోడకేసి కొట్టాడు. స్క్రీన్‌మీద తొంభై తొమ్మిది శాతం. కేబుల్ పట్టి లాగాడు!

సర్వర్ డిస్క్ చీఫ్‌కి అందింది. కమిటీ మాత్రని ఆపేసింది. కత్తెర చెవికి కుట్లు పడుతుండగా ఫోన్ మోగింది.

"ఒరేయ్! ఆస్పత్రివాళ్ళు చేశారు. నువ్వు ఆ మందు మానేశావట. అసలు ఎప్పుడు మొదలెట్టావురా?"

"మొదలెట్టనూలేదు, మాననూలేదక్కా. వాళ్ళ లెక్కలో నా పల్స్ ఆగిపోయింది. చచ్చిన ప్రతివాణ్ణీ వాళ్ళు మానేశాడనే రాస్తారు. రుజువు కావాలన్నావుగా, ఇదే!"

అవతల మాత్రల డబ్బా చెత్తబుట్టలో పడ్డ చప్పుడైంది.

"ఇప్పుడే డాక్టర్ దగ్గరికెళ్ళి వేరే మందు రాయించుకుంటా," అంది అక్క. "అది సరే గానీ, చచ్చినవాడివి రాత్రి భోజనానికి వస్తావా, రావా?"