గీత పడిన చోట పాట

మొదట వినిపించింది ఎవరో ఆడమనిషి తీస్తున్న కూనిరాగం.

“ఒక్క చెంచా... ఒక్క చెంచా... ఒక్క చెంచా...” అని ముమ్మారు తడబడి, నడుమ రెండు పాదాలు దాటేసి, “పరుగున వస్తాడు మీవాడు!” దగ్గర మళ్ళీ అందుకుంది.

ఇంగ్లండులోని రేవు పట్టణం హార్విచ్. అక్కడి చర్చి హాలులో పాత రికార్డుల సంత. బయట వాన. అట్టపెట్టెల వెనక కూర్చున్న ఆల్బన్ చేతిలో టీ తొణికింది.

ఆ మాటలున్న ఆల్బమ్ దేశమంతటికీ తెలిసినదే. ఆద్యంతం లైసెన్సు లేని ఒక దొంగ రేడియో ప్రసారంలా సాగుతుంది. పాటకూ పాటకూ మధ్య లోకంలో లేని సరుకులకు వెటకారపు ప్రకటనలు. అది వెక్కిరించిన కంపెనీలు ఎన్నో మూతపడ్డాయి. వెక్కిరింత మాత్రం ముసలిది కాలేదు. నిన్నగాక మొన్న పుట్టిన పిల్లలు కూడా కొత్త ముద్రణల కోసం ఎగబడుతున్నారు.

కానీ ఏ ముద్రణలోనూ ఆ ‘ఒక్క చెంచా’ కస్టర్డ్ ప్రకటన ఇలా తడబడదు. ఇలా తడబడే రికార్డు ఒకే ఒక్కటి ఉంది. అది అమ్మకానికి కాక, ఆల్బన్ బల్ల కింద ఉంది.

దాని కోసమే ఒకనాడు, మీసాలు మొలిచే వయసులో, రికార్డుల కొట్టులో ఒక అమ్మాయితో కొట్లాడాడు.

“వదులు! ముందు చూసింది నేను.”

“పట్టుకుంది నేను!”

కొట్టువాడు నవ్వి, చెరిసగం వేసుకొని కొనుక్కోమన్నాడు. ఒక వారం ఆమెది, ఒక వారం ఇతనిది. శనివారం శనివారం రేవుగట్టు మీద రికార్డు చేతులు మారేది. ప్రకటనల్లోని పేర్లతోనే పిలుచుకునేవారు: అతను సబ్బు కెప్టెన్, ఆమె కస్టర్డ్ మహారాణి. అసలు పేరు అడగాలని ప్రతి శనివారం అనుకునేవాడు. ప్రతి శనివారం సిగ్గే గెలిచేది.

“డాన్స్ చేస్తూ దాని మీద పడ్డాను. గీత పడింది. తిట్టు కెప్టెన్, తిట్టేయ్,” అంది ఒకసారి.

“ఇక ఇది మన ఇద్దరి పాటే” అందామనుకున్నాడు. “పర్లేదులే,” అన్నాడు.

మరుసటి శనివారం ఆమె రాలేదు. ఓడల్లో పనిచేసే తండ్రికి ఉత్తరపు రేవుకు బదిలీ అయిందట. పేరు తెలియని మనిషిని ఏమని వెతకడం?

ఇప్పుడు వాన వెలిసింది. ఇందాక కూనిరాగం తీసిన నెరిసిన జుట్టావిడ గొడుగు తీసుకొని గుమ్మం వైపు నడిచింది. పిలుద్దామంటే ఆల్బన్‌కు పేరు తెలియదు. బల్ల కింది రికార్డును తీసి ప్లేయర్ మీద పెట్టి, ముల్లు దించాడు.

“ఒక్క చెంచా... ఒక్క చెంచా... ఒక్క చెంచా...”

గొడుగు ఆగింది. ఆమె వెనక్కి తిరిగింది.

“సబ్బు కెప్టెన్! ఇన్నేళ్ళూ నీ దగ్గరే దాచుకున్నావా? ఇలా ఇవ్వు. ఈ వారం నాది.”

“ఇవ్వను. ఇస్తే మళ్ళీ వెళ్ళిపోతావు.”

“ఇంట్లో నాకోసం చూసేది పిల్లి ఒక్కటే. మరి నీకోసం?”

“ఈ పెట్టెలు.” ఊపిరి బిగపట్టాడు. “ముందు... పేరు చెప్పు.”

“అమ్మయ్య, అడిగావు!” ఆమె కళ్ళు చెమర్చాయి, పెదవులు నవ్వాయి. “రొవీనా.”

బదులుగా తన పేరు చెప్పడం కూడా మరిచి, ఆల్బన్ ఆ గీత దగ్గరే చిక్కుకున్నాడు.

“రొవీనా... రొవీనా... రొవీనా.”