రెండు చెవులతో విన్న పాట

'కాజెనో ఎకి' అనే జపనీస్ రాక్ బ్యాండ్ తన కొత్త పాటని ముందుగా వినైల్ రికార్డు మీదే విడుదల చేసింది. ఆన్‌లైన్‌లోకి రావడానికి ఇంకో నెల పడుతుంది. అమెరికాలో ప్రిన్స్‌టన్ ఊళ్లోని రికార్డుల షాపులో మిగిలిన ఒకే ఒక్క కాపీని వినీత్ తీయబోతుంటే, దేదీప్య కూడా రెండో అంచు పట్టుకుంది.

ఇద్దరూ ఎంఎస్ చదువుతున్నవాళ్లే, ఉండేదీ ఆ పక్క ఊరు ప్లెయిన్స్‌బరోలోనే. ఆ సంగతి అప్పటికి తెలియదు. కాసేపు ఇంగ్లీషులో పోట్లాడుకున్నారు. ఆమె విసుగ్గా "అబ్బ, ఏం మొండోడు" అనుకోవడం అతనికి వినపడింది.

"తెలుగేనా? అయినా ఇవ్వను. నెల ఆగితే ఫోన్‌లోనే వినొచ్చు కదా."

"వచ్చే నెలకి నాకు కుడి చెవి పనిచెయ్యదు," అంది దేదీప్య.

చెవి నరం మీద గడ్డ ఉందని, వచ్చే వారమే సర్జరీ అని, ప్రాణానికి భయం లేదు గానీ ఆ చెవికి ఇక వినికిడి ఉండదని చెప్పింది. వినీత్ రికార్డు వదిలేశాడు. తీరా చూస్తే ఆమె దగ్గర ప్లేయర్ లేదు. అతని దగ్గర ఉంది.

ఆ వారం సాయంత్రాలన్నీ దేదీప్య అతని హాల్లో కార్పెట్ మీద కూర్చుని, హెడ్‌ఫోన్స్‌లో అదే పాట విన్నది. బయట వాన. గిటార్ కుడివైపు నుంచి ఎడమకి ఎలా నడిచొస్తుందో వేలితో గాలిలో గీసి చూపించేది. పాటలోని జపనీస్ మాటలు ఇద్దరికీ అర్థం కాలేదు. వాటి గురించే ఎక్కువ వాదించుకున్నారు.

సర్జరీ ముందురోజు అతను ఏదో చెప్పబోతే ఆపేసింది.

"ఇప్పుడొద్దు. జాలితో అంటున్నావో, ఇష్టంతో అంటున్నావో నాకు తెలీదు. నీకూ తెలీదు."

వినీత్‌కి కోపం వచ్చింది. ఆమె అన్నది నిజమేనేమో అని తర్వాత భయం వేసింది.

ఖమ్మం నుంచి వచ్చిన ఆమె తల్లి విజయశ్రీని, సర్జరీ అయ్యాక రోజూ అతనే హాస్పిటల్‌కి డ్రైవ్ చేసి తీసుకెళ్లాడు. తను మాత్రం కింద లాబీలోనే ఉండిపోయేవాడు. ఒకరోజు ఆవిడే, "పైకి రా బాబూ, నిన్ను అడుగుతోంది," అంది.

దేదీప్య తలకు కట్టుతో కళ్లు మూసుకుని ఉంది. వినీత్ ఆమెకు కుడివైపు నిలబడి, జాలి లేదని అబద్ధం చెప్పలేనని, కానీ ఆమె లేని హాల్లో ఒక్క సాయంత్రం కూడా కూర్చోలేకపోయానని తడబడుతూ చెప్పుకొచ్చాడు. ఆమె కళ్లు తెరిచి అతని పెదవుల వైపు చూసింది.

"ఒక్క ముక్క వినపడలేదు. ఇటొచ్చి చెప్పు."

ఎడమవైపు కుర్చీలో ఉన్న విజయశ్రీ లేచి, అతనికి చోటిచ్చి, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

రెండోసారి అంత పొడుగ్గా చెప్పడం అతనివల్ల కాలేదు. "నువ్వంటే ఇష్టం," అన్నాడు.

"ఇది వినపడింది," అంది దేదీప్య.