సాయంత్రం నాలుగింటి పెళ్ళి

"మీ నవల మాకు నచ్చింది, వేస్తున్నాం" అని ప్రచురణకర్తల ఈమెయిల్ వచ్చేసరికి, టాంసిన్ కళ్ళద్దాల షాపులో ఒక పెద్దాయనకి కొత్త జోడు సర్దుతోంది. ఆనందంలో ఆయన చెవిని కూడా కాస్త మెలిపెట్టింది.

"అమ్మాయీ, అది నా చెవి!"

"అయ్యో, క్షమించండి! నా పుస్తకం అచ్చవుతోంది!"

"అయితే ఈ రెండోది కూడా మెలిపెట్టు తల్లీ" అన్నాడాయన.

ఆ సంతోషం తరువాతి వాక్యం దాకానే నిలిచింది. 'చరిత్ర విషయంలో పొరపాటు ఒక్కటీ లేదు. ఇక దిద్దుబాట్లు అక్కర్లేదు.'

దిద్దుబాట్లు లేకపోతే ఐవర్ లేడు.

ఐవర్ ప్రోసర్ ఇంగ్లండ్ సముద్రతీరాన సిడ్‌మత్ ఊరి మ్యూజియంలో పాత కాగితాలు చూసుకునే మనిషి. టాంసిన్ రాసింది 1813 నాటి కథ: ఒక బీద కెప్టెన్, ఒక పొగరుబోతు జమీందారు కూతురు. చూసిపెట్టమని మొదటి అధ్యాయం తీసుకెళ్తే, ఐవర్ తలైనా ఎత్తకుండా అన్నాడు:

"మీ కెప్టెన్ అగ్గిపుల్ల గీశాడు. అగ్గిపుల్ల పుట్టడానికి ఇంకా పదమూడేళ్ళుంది. అందాకా ఆ అమ్మాయి చీకట్లో కూర్చోవాలా?"

ఆమెకి ఒళ్ళు మండింది. వారం తిరిగేసరికి ఆ మంట హాయిగా అనిపించింది.

అప్పటినుంచి ప్రతి గురువారం ఒక అధ్యాయం, దాని అంచుల నిండా అతని పెన్సిల్ వెక్కిరింతలు. తప్పులు ఎక్కడ అయిపోతాయోనని ఆమె కావాలనే కొత్తవి నాటడం మొదలుపెట్టింది. ప్రయాణికులకి రైళ్ళే లేని రోజుల్లో కెప్టెన్‌ని రైలెక్కించింది. స్టాంపులే లేని రోజుల్లో నాయిక చేత ఉత్తరానికి స్టాంపు అంటింపజేసింది.

ఆఖరి అధ్యాయంలో అన్నిటికంటే పెద్ద గాలం వేసింది. చర్చిలో పెళ్ళి, సాయంత్రం నాలుగింటికి! ఆ కాలంలో మధ్యాహ్నం పన్నెండు దాటితే పెళ్ళి చెయ్యకూడదని చట్టం. అది ఐవర్‌కి తెలియకుండా ఉండదు. కానీ ఆ కాగితాలు ఒక్క పెన్సిల్ గీతైనా లేకుండా వెనక్కొచ్చాయి. ఉక్రోషంతో వాటిని అలాగే ప్రచురణకర్తలకి పంపేసింది.

"చదవనేలేదు పిన్నీ. నేనంటే విసుగొచ్చేసింది" అని ఆ రోజు మెరియల్ పిన్ని దగ్గర వాపోయింది.

"నీ మీద కాదేమోనే, నీ కెప్టెన్ మీదేమో. నాకైతే మూడో అధ్యాయంలోనే వచ్చింది" అంది పిన్ని, కేకు కోస్తూ.

ఇప్పుడు, భోజనం మానేసి, వానలో మ్యూజియానికి పరిగెత్తింది టాంసిన్. సముద్రపు గాలికి గొడుగు తిరగబడి చిప్పలా అయింది. ఆమె లోపలికొస్తుంటే చినుకులు కూడా వెంట వచ్చాయి.

"అక్కడే ఆగండి! కాగితాలు తడుస్తాయి" అన్నాడు ఐవర్.

"పుస్తకం వేస్తున్నారట."

"అభినందనలు" అన్నాడు, పరామర్శకి వచ్చినవాడి ముఖంతో.

"పొరపాటు ఒక్కటీ లేదట. అంతా మీ చలవే."

ఐవర్ పెన్సిల్ కింద పెట్టాడు. "ఒకటుంది."

"ఏది?"

"నాలుగింటి పెళ్ళి."

"చూశారా? మరి దిద్దలేదేం? ఏ వేళకైనా పెళ్ళాడొచ్చని ఆర్చిబిషప్ గారి ప్రత్యేక అనుమతి ఉందనుకున్నారా?"

"పూటకి ఠికానా లేని మీ కెప్టెన్‌కి ఆర్చిబిషప్ దర్శనం కూడానా!" అని కిటికీ వైపు తిరిగాడు. "అదొక్కటీ దిద్దేస్తే పుస్తకం అయిపోతుంది. మళ్ళీ గురువారం మీరు రారు."

వాన ఒక్కసారిగా పెద్దదైంది. లేక టాంసిన్‌కి అలా వినిపించిందో.

"ఇంకోటి కూడా తెలుసు నాకు" అన్నాడతను. "ఉత్తరం అందుకున్నవాళ్ళే తపాలా ఖర్చు కట్టేవారని ఏడో అధ్యాయంలో అంత చక్కగా రాసిన మనిషి, తొమ్మిదిలో స్టాంపు అంటిస్తుందా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడింది టాంసిన్. "అప్పటినుంచీ తెలుసా? అయినా ఆ స్టాంపు గురించి పేజీన్నర రాశారే!"

"రెండున్నర పేజీలు. ఒకటి చింపేశాను. అందులో స్టాంపు సంగతి లేదు."

"ఏముంది?"

"దిద్దాల్సినంత తప్పు లేదులెండి. 'ఈ రచయిత్రి లేకుండా గురువారాలు గడవడం కష్టం' అని ఉంది."

టాంసిన్ తిరగబడిన గొడుగుని అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని పూలగుత్తిలా పట్టుకున్నాడు.

"పెళ్ళి టైము మార్చమని ఎడిటర్‌కి రాయాలి కదా?" అన్నాడు చివరికి.

"రాస్తాను. ముందు పన్నెండులోపు ఎలా కుదురుతుందో స్వయంగా చూడాలి. రేపు శనివారం. పదకొండింటికి చర్చి గుమ్మం దగ్గరికి రండి. లోపలికి నడిచి వెళ్దాం, గడియారం చూసుకుని బయటికొద్దాం."

"పరిశోధనకేనా?"

"ముందు పరిశోధన. తరవాత మా పిన్ని దగ్గర భోజనం. ఆవిడ ప్రశ్నలకి సిద్ధపడి రండి. పెన్సిల్ మాత్రం తేవద్దు."